అప్‌డేట్: నల్లరేగడిలో దొరికిన బాయినెట్ తుప్పు సంగతి

కర్నూలు దగ్గర చేనులో బయటపడిన సాకెట్ బాయినెట్‌కు (తుపాకీ గొట్టం చివర తొడిగే సాకెట్ ఉన్న పాత కత్తి) తుప్పు ఆగడం లేదని, నారింజరంగు చెమట బొట్లు పోస్తోందని ఇంతకుముందు అడిగాను. ఇప్పుడు ఆగింది.

ముందు చట్టం సంగతి. భూమిలో దొరికిన వస్తువు విలువ 10 రూపాయలు దాటితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. వస్తువును ట్రెజరీలో జమ చేయాలి, లేదా జామీను ఇవ్వాలి. అది అయ్యాకే శుభ్రం చేయడం మొదలైంది.

ఆ బొట్లకు కారణం ఇనుము లోపల చేరిన క్లోరైడ్ ఉప్పు. పైన ఎంత నూనె రాసినా లాభం లేదు, ఉప్పును బయటికి లాగాల్సిందే. లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు 20 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి, మూతున్న ప్లాస్టిక్ తొట్టిలో బాయినెట్‌ను నానబెట్టాలి. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, దాని మీద నీళ్లు పోయకూడదు. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. రెండు మూడు వారాలకోసారి ద్రావణం మార్చాలి. పాత ద్రావణం కొంచెం తీసి, నైట్రిక్ యాసిడ్‌తో ఆమ్లంగా మార్చి, సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే, ఉప్పు ఇంకా వస్తుంటే పాలలా తెల్లబడుతుంది. తెల్లబడటం మానేదాకా నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

ఎలక్ట్రాలిసిస్ (ద్రావణంలో కరెంటు పెట్టి తుప్పు వదిలించడం) చేయమన్న సలహా పాటించలేదు. అయస్కాంతం సాకెట్‌కు గట్టిగానే అంటుకుంది గానీ, అలుగు (కత్తి భాగం) వంగే మెడ దగ్గర అంతంతమాత్రం. లోపల లోహం మిగలనిచోట కరెంటు పెడితే తుప్పుతోపాటు ఆకారమూ రాలిపోతుంది. సాకెట్ గాడిలో గట్టిపడిన మట్టిని వెదురు పుల్లతోనే తీయాలి.

తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆల్కహాల్‌లో ముంచి ఆరబెట్టి, తుప్పును నల్లటి పొరగా మార్చే ట్యానిక్ యాసిడ్ (tannic acid), దానిపై తేమ తగలకుండా మైక్రోక్రిస్టలైన్ మైనం పూశాను. ఇప్పుడు గాలి చొరబడని డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో ఉంది. వానాకాలంలో జెల్ రంగు చూస్తూ మార్చాలి.