‘మ్యుతెర్జిమె’: మన ‘తర్జుమా’కు దగ్గరి చుట్టం

టర్కీ వాళ్ల 50 లీరాల నోటు వెనక ఫాత్మా అలియె బొమ్మ ఉంటుంది, 2009 నుంచి. అంతటి రచయిత్రి తొలి పుస్తకం మీద ఆమె పేరే లేదు. పేరుకు బదులు వాడిన మాటల గురించే, వాటిని తెలుగులో ఏమనాలన్న దాని గురించే ఈ పోస్టు.

ఆమె 1862లో ఇస్తాంబుల్‌లో పుట్టింది. తండ్రి అహ్మద్ జెవ్‌దెత్ పాషా పేరున్న చరిత్రకారుడు, న్యాయవేత్త. పెళ్లయిన కొత్తలో ఆమె నవలలు చదవడం భర్తకు ఇష్టం ఉండేది కాదు. ఆయన మనసు మారాక, 1889లో, ఒక ఫ్రెంచి నవలను ‘మెరామ్’ పేరుతో టర్కిష్‌లోకి తెచ్చింది. మెరామ్ అంటే మనసులోని ఉద్దేశం. కింద పెట్టిన సంతకం ‘బిర్ కదిన్’. అంటే ‘ఒక స్త్రీ’, అంతే.

తర్వాతి రచనలకు ఇంకో సంతకం వాడింది: ‘మ్యుతెర్జిమె-ఇ మెరామ్’. నాకు ఇదే ఎక్కువ నచ్చింది. ‘మ్యుతెర్జిమ్’ అంటే అనువాదకుడు. మన ‘తర్జుమా’, ఈ మాట, రెండూ ఒకే అరబ్బీ ధాతువు నుంచి వచ్చినవే. ఆమెను మెచ్చుకుంటూ రాసిన రచయిత అహ్మద్ మిధత్ నడిపిన పత్రిక పేరు కూడా ‘తెర్జుమాన్-ఇ హకీకత్’. సత్యానికి దుబాసీ అన్నమాట.

ఇక ‘మ్యుతెర్జిమె’ చివరి ‘ఎ’ సంగతి. టర్కిష్‌లో వ్యాకరణ లింగం లేదు. అతను, ఆమె, అది, మూడింటికీ ‘ఓ’ ఒక్కటే. రాశాడు, రాసింది అన్న తేడా క్రియలో కనబడదు. ఆ ‘ఎ’ అరబ్బీ నుంచి తెచ్చుకున్న స్త్రీ ప్రత్యయం. ఆమె పేరు దాచుకుంది కానీ ఆడమనిషినన్న సంగతి దాచుకోలేదు. ఇదంతా తండ్రో అన్నో రాసిపెట్టి ఉంటారని జనం అనుకున్న రోజుల్లో ఆ ఒక్క అక్షరం ఎంత పని చేసిందో చూడండి. 1892లో ‘ముహాదరాత్’ నవలను సొంత పేరుతోనే వేసింది. స్త్రీల హక్కుల మీద, బహుభార్యాత్వానికి వ్యతిరేకంగా కూడా రాసింది.

ఒకరు ‘బిర్ కదిన్’ను ‘ఒక మహిళ’ అనవచ్చు కదా అన్నారు. నేను ఒప్పుకోలేనండీ. మహిళ అనగానే కొంచెం సభామర్యాద వచ్చేస్తుంది. టర్కిష్‌లో ఆ మర్యాదకు ‘హనమ్’ అనే మాట వేరే ఉంది. ఆమె వ్యాసాలు రాసిన స్త్రీల పత్రిక పేరులో ఉన్నది ‘హనమ్’లే. సంతకంలో మాత్రం ‘కదిన్’ అంది. అందుకే ‘ఒక స్త్రీ’ అనే ఉంచుతాను.

‘మ్యుతెర్జిమె-ఇ మెరామ్’కు ‘మెరామ్ అనువాదకురాలు’ సరిపోతుంది. కానీ ‘మెరామ్‌ను తర్జుమా చేసినామె’ అంటే ఆ పాత చుట్టరికం నిలుస్తుంది, ఆ ‘ఎ’ చేసే పని మన ‘ఆమె’ చేస్తుంది. ఇంతకంటే పొట్టిగా, సంతకంలా పలికే మాట మీకెవరికైనా తడితే చెప్పండి.