నాయనమ్మ పాడిన ‘శుద్ధరాత్రి’ చరణం ఎవరికైనా తెలుసా?

మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. 1818 డిసెంబర్ 24న ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్‌లో మొదటిసారి పాడిన ‘సైలెంట్ నైట్’ క్రిస్మస్ పాటను నేను తెలుగులో ‘శుద్ధరాత్రి’గా మా నాయనమ్మ నోటే విన్నాను. రాత్రిపూట క్యారల్స్‌కు తిరిగేటప్పుడు డప్పు ఆపించి మరీ ఈ పాట ఎత్తుకునేది. చివర్లో పాటల పుస్తకంలో లేని ఒక చరణం వచ్చేది. గొల్లలు కందిలి (లాంతరు) పట్టుకుని గొర్రెలను దొడ్డికి తోలడం అందులో ఉండేది. ఆమె పోయాక అది ఎవరికీ పూర్తిగా గుర్తులేదు.

1890లో నల్లగొండలో మిషన్ మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖవాడు). చరణం అటునుంచి వచ్చిందా, మన ఊళ్లలోనే ఎవరైనా కట్టారా? కందిలి ఉంది కాబట్టి ఇక్కడిదే అనిపిస్తుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ వైపువాళ్లు దయచేసి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. చేతిరాత పాటల నోట్‌బుక్కులుంటే ఫొటో పెట్టండి. ఒక్క లైను దొరికినా ఈ క్రిస్మస్‌కు పిల్లలకు నేర్పిస్తాను.