కొట్టే బుద్ధి రక్తంలో వస్తుందా?

గట్టుమీదికొంగ:
మా చెల్లికి ఓ సంబంధం వచ్చింది. అబ్బాయి నెమ్మదస్తుడే. కానీ చిన్నప్పుడు వాళ్ల నాన్న పిల్లల్ని గొడ్డును బాదినట్టు బాదేవాడట. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అని అమ్మమ్మ వద్దంటోంది. ఇదంతా జన్యువుల్లోనే ఉంటుందా?

రెండోకాఫీ:
సైన్సూ అమ్మమ్మ వైపే. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఇప్పటికీ గమనిస్తున్నారు. ఎంఏఓఏ అనే జన్యువు మందకొడిగా ఉన్న మగవాళ్లలో హింస ఎక్కువని 2002లో తేల్చారు.

మిరపతొడిమ:
సగమే చెప్పారండీ. ఆ జన్యువుకి తోడు చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లలోనే ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. తర్వాత చేసిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు కూడా.

రీసస్ కోతుల మీద 2005లో వచ్చిన పరిశోధన చూడండి. కొన్ని పిల్లల్ని పుట్టగానే వేరే తల్లుల దగ్గర పెట్టారు. హింసించే తల్లి దగ్గర పెరిగిన ఆడకోతుల్లో సగానికి పైగా, కన్నది ఎవరైనా సరే, తమ తొలి బిడ్డను హింసించాయి. నెమ్మదైన తల్లి దగ్గర పెరిగినవాటిలో ఒక్కటీ ఆ పని చేయలేదు. అయినా అమ్మమ్మ సామెతలో రక్తం ఎక్కడుంది? దూడ ఆవు వెంట తిరిగి నేర్చుకుంటోంది!

రెండోకాఫీ:
మరి ఆ అబ్బాయీ ఆ ఇంట్లోనేగా పెరిగింది?

మిరపతొడిమ:
నిజమే. కానీ దెబ్బలు తిన్న కోతులన్నీ కొట్టలేదుగా. అమెరికాలోని ఎల్మైరాలో 1970ల చివర్లో, తొలిసారి గర్భవతులైన ఆడవాళ్ల ఇళ్లకు, బిడ్డను ఎలా చూసుకోవాలో చెప్పడానికి నర్సుల్ని పంపారు. బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా వెళ్లారు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, నర్సులు వెళ్లని ఇళ్లతో పోలిస్తే పిల్లల్ని హింసించిన, నిర్లక్ష్యం చేసిన కేసులు దాదాపు సగమే.

పాలపిట్ట:
నేను అంగన్‌వాడీ టీచర్ని. భర్త తాగొచ్చి కొట్టే ఇంట్లో తల్లికి ఎన్ని చెప్పినా ఆ కోపం పిల్లాడి మీదే దిగుతుంది. ఇంకొకామె పిల్లాణ్ని ఇంట్లో పెట్టి తాళమేసి కూలికి పోతుంది. అది నిర్లక్ష్యమని రాయడానికి నాకు చెయ్యి రాదు.

మిరపతొడిమ:
మీరన్నదే ఎల్మైరాలోనూ తేలిందండీ. ఆడవాళ్లు బాగా దెబ్బలు తినే ఇళ్లలో నర్సులు వెళ్లినా ఫలితం రాలేదు.

గట్టుమీదికొంగ:
ఇంతకీ ఆ అబ్బాయిని ఏమని అడగను?

పాలపిట్ట:
వాళ్ల నాన్న దెబ్బల గురించి అడుగు తమ్ముడూ. "ఆయన కొట్టబట్టే ఇంతవాణ్నయ్యా" అంటే మాత్రం అమ్మమ్మ మాట విను.