అప్‌డేట్: మోటార్‌హోమ్‌లో ఇండక్షన్ పెట్టేశాం

అమెరికాలో మా మోటార్‌హోమ్‌లోని, అంటే ఇల్లులా ఉండే బండిలోని, ప్రొపేన్ గ్యాస్ స్టవ్ తీసేసి ఇండక్షన్ పెట్టుకోవచ్చా అని ఆ మధ్య అడిగాను కదా, పెట్టేశాం. ఇలాంటి బండ్లు ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్‌లో 30 యాంపుల కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లే. 1,800 వాట్ల స్టవ్ ఒక్కటే 15 యాంపులు లాగుతుంది. ఏసీ, మైక్రోవేవ్ కూడా ఆన్‌లో ఉంటే బ్రేకర్ పడిపోతుంది, అందుకే పప్పు ఉడికేటప్పుడు మైక్రోవేవ్ బంద్. అసలు టెన్షన్ కరెంటు లేని చోట. ఇదే స్టవ్ ఫుల్‌లో పెడితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ 150 యాంపుల పైనే లాగుతుంది, లావు కేబుళ్లు తప్పవు. మామూలు అల్యూమినియం కుక్కర్ పనికిరాదు, స్టీలుది కొన్నాం. ఇనప పెనం మీద దోసెలు బాగానే వస్తున్నాయి, అంచులే కాస్త తెల్లగా ఉంటున్నాయి. ప్రొపేన్ ట్యాంక్ మాత్రం ఉంచేశాం, చలికాలం హీటర్‌కి ఎలాగూ కావాలి.