మిల్క్‌వీడ్ గింజల ప్రశంసాపత్రం: ఆరబెట్టేలోపే మొలక వచ్చి ఎండిపోతోంది

అమెరికా మిడ్‌వెస్ట్‌లోని మా సొరోరిటీలో, అంటే కాలేజీ అమ్మాయిల సంఘంలో, ఒక సీనియర్ మే మొదటి వారంలో డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్తోంది. వంటింటి చెత్తను కంపోస్టుకు మళ్లించింది, మోనార్క్ సీతాకోకచిలుకల కోసం పెరట్లో మిల్క్‌వీడ్ మొక్కలు నాటించింది తనే. అలాంటి అమ్మాయికి యాక్రిలిక్ జ్ఞాపిక ఇవ్వడం తప్పు. అందుకే మట్టిలో పెడితే మొలిచేలా గింజలు కలిపిన కాగితం మీద ప్రశంసాపత్రం ఇద్దామనుకున్నాం.

పాత ప్రింటవుట్లు రాత్రంతా నానబెట్టి, మిక్సీలో రుబ్బి, ఆ తర్వాతే గింజలు చేత్తో కలిపి, జల్లెడ మీద పలచగా పరిచి ఫ్యాను కింద 24 గంటలు ఆరబెట్టాం. అక్షరాలు పెన్నుతోనే రాస్తాం, లేజర్ ప్రింటర్ వేడికి గింజ దెబ్బతినొచ్చు.

ముల్లంగి గింజలతో చేసిన కాగితం నాలుగో రోజుకే మొలిచింది, కాబట్టి గుజ్జులో లోపం లేదు. మిల్క్‌వీడ్ కాగితం 22 డిగ్రీల సెల్సియస్‌లో తడిగా ఉంచినా, 21 రోజులకు 20 గింజల్లో ఒక్కటీ లేవలేదు. మన జిల్లేడు కుటుంబమే గానీ, చలి తగిలితే తప్ప ఇది నిద్ర లేవదు. తడి టిష్యూలో చుట్టి 30 రోజులు ఫ్రిజ్‌లో పెట్టిన గింజలు మట్టిలో చక్కగా మొలిచాయి. అలా ఫ్రిజ్‌లో పెట్టిన గింజల్నే గుజ్జులో కలిపితే, గోధుమరంగు పెంకు చీలి తెల్లటి మొన బయటికొచ్చి అక్కడే ఎండిపోయింది.

పొడి గింజలతో చేసి, ‘తడిపి నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టు’ అని వెనక రాయొచ్చు గానీ, కాగితానికి బూజు పడుతుందని భయం.

చలి చూపించిన మిల్క్‌వీడ్ గింజలు మొలక రాకుండా, చావకుండా ఉండాలంటే కాగితాన్ని ఎన్ని గంటల్లో, ఎంత ఉష్ణోగ్రతలో ఆరబెట్టాలి?