అప్‌డేట్: భూమి వయసు తాడు, కొలతలు కుదిరాయి

ఎనిమిదో తరగతికి భూమి వయసు తాడుతో ఎలా చూపాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబుగా ఒక మాస్టారు చెప్పిన లెక్కే, సెంటీమీటరుకు 10 లక్షల ఏళ్లు, బాగా కుదిరింది. మొత్తం 45.4 మీటర్లు. కొబ్బరితాడు లాగితే సాగి గుర్తులు జరిగిపోయాయి, నవారు నిలిచింది. కొలత తప్పకుండా ‘ఈరోజు’ కొస నుంచే మొదలుపెట్టండి. లేదంటే చిన్న తప్పులన్నీ పోగై క్షీరదాల దగ్గరే తేలతాయి.

తొలి క్షీరదాలు సుమారు 2.25 మీటర్ల దగ్గర, పెద్ద డైనోసార్ల అంతం 66 సెంటీమీటర్ల దగ్గర. అంటే డైనోసార్లు పోయాక వచ్చిన క్షీరదాల యుగం కన్నా, డైనోసార్ల మధ్య అవి చిన్న ప్రాణులుగా గడిపిన కాలమే రెట్టింపు పైన! పిల్లలకు ఇది తప్పక చూపించాలి. నాలుగుకాళ్ల తిమింగలం పాకిసెటస్ 50 సెంటీమీటర్ల దగ్గర. మన జాతి 3 మిల్లీమీటర్లే.

విజయనగరం కొండల్లోని ఖోండలైటు అనే రాయి రూపుదిద్దుకున్నది దాదాపు 10 మీటర్ల దగ్గర. తీవ్రమైన వేడికి, ఒత్తిడికి మారిన రాయి, అందులో శిలాజాలు వెతకొద్దు.