కందిలో ఎండు తెగులుకు ట్రైకోడెర్మా: ఎప్పుడు, ఎలా వేయాలి?

నల్లరేగడి (తాండూరు):

అందరికీ నమస్కారం. మాది వికారాబాద్ జిల్లా తాండూరు దగ్గర పల్లె. నల్లరేగడిలో ఏటా వానాకాలం కందినే వేస్తున్నాము. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత ఈ పంటను వదులుకోవడానికి మా వైపు ఎవరికీ మనసు ఒప్పడం లేదు. అయితే పోయిన సీజనులో పూత మొదలయ్యే వేళకు చేనులో అక్కడక్కడ మొక్కలు గుంపులుగా వడలి, నేలలో తడి ఉండగానే నిలువునా ఎండిపోయాయి.

దుకాణాల్లో అడిగితే అందరూ ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం పేరే చెబుతున్నారు గాని, వాడే పద్ధతి మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. వడలిన మొక్కల మొదళ్లలో నీటితో కలిపి పోయమని ఒకరు, కార్బెండాజిమ్‌తో కలిపి విత్తనానికి పట్టించమని మరొకరు అన్నారు. వీటిలో ఏది సరైనది? మంచి ప్యాకెట్టును ఎలా గుర్తించాలి? గాలిలోని నత్రజనిని పంటకు అందించే రైజోబియం బాక్టీరియాను కూడా పట్టించే అలవాటు ఉంది, రెండూ కలిపి వాడవచ్చా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

విశ్రాంత విస్తరణాధికారి:

నల్లరేగడి గారూ, మందు సంగతికి ముందు తెగులు ఏదో తేల్చుకోవాలి. ఈసారి ఎండిన మొక్క కనబడితే వేరుతో సహా పీకి, కాండం మొదలును కత్తితో నిలువునా చీల్చి చూడండి. బెరడు కింద చెక్కలో నల్లటి చారలు వేరు నుంచి పైకి పాకి ఉంటే అది ఫ్యుజేరియం ఉడమ్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులు. చాలా మొక్కల్లో నేల మట్టం నుంచి కాండం మీద ఒక పక్కగా ఊదారంగు పట్టీ కూడా లేస్తుంది. అలా కాక లోపలి చెక్క శుభ్రంగా ఉండి, కాండం పైన గోధుమ రంగు మచ్చ చుట్టూ తిరిగి, గాలికి మొక్క అక్కడే విరిగిపడుతుంటే అది ఫైటాఫ్తోరా తెగులు. అది నీరు నిలిచే చోట, మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఎక్కువగా వస్తుంది. పూత వేళ, తడి ఉండగానే వడలిందని మీరు రాసినదాన్ని బట్టి మీ చేనులో ఉన్నది ఎండు తెగులే అయ్యే అవకాశం ఎక్కువ.

ఈ శిలీంధ్రం వేరు గుండా లోపలికి చేరి, నీరు పైకి ఎక్కే నాళాలను మూసివేస్తుంది. మొక్క తల వాల్చే నాటికే ఆ నాళాలు పూడిపోయి ఉంటాయి. ట్రైకోడెర్మా పని అంతా వేరు చుట్టూ ఉన్న మట్టిలో, వేరు పైపొరల్లోనే సాగుతుంది గనుక, వడలిన మొక్క మొదట్లో ఎంత పోసినా ఆ మొక్క తిరిగి లేవదు, పెట్టిన డబ్బు దండగ. దీన్ని మందుగా కాక, విత్తనం కంటే ముందే లేదా విత్తనంతో పాటే నేలలో దింపవలసిన కాపలాగా చూడండి. రోగకారక శిలీంధ్రపు పోగులను ఇది చుట్టుకొని, వాటి గోడలను ఎంజైములతో కరిగించి లోపలి సారాన్ని తినేస్తుంది. ఇది ఇలా వేరే శిలీంధ్రాల మీద బతకడాన్ని 1932లోనే రిచర్డ్ వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త గమనించారు. దీనితో పాటు, వేరు దగ్గర దొరికే ఆహారాన్ని, చోటును ముందుగా ఆక్రమించడం వల్ల కూడా రోగకారకానికి అవకాశం తగ్గుతుంది.

కార్బెండాజిమ్‌తో కలిపి పట్టించమన్న సలహాను మాత్రం అసలు పాటించవద్దు. కార్బెండాజిమ్ శిలీంధ్రనాశిని, ట్రైకోడెర్మా శిలీంధ్రం. రెండింటినీ ఒకే విత్తనం మీద పెడితే చచ్చేది మీరు కొన్న ట్రైకోడెర్మాయే. రంగు పూసి వచ్చే కంపెనీ విత్తనానికి ముందే రసాయన మందు పట్టించి ఉంటుంది కాబట్టి, అలాంటి విత్తనం కొంటే ట్రైకోడెర్మాను నేలకే పరిమితం చేయండి. ఇంటి విత్తనమైతే కిలోకు 8 నుంచి 10 గ్రాముల పొడి పట్టించవచ్చు. రైజోబియంతో దీనికి పేచీ లేదు. ముందు ట్రైకోడెర్మా పట్టించి, విత్తే ముందు రైజోబియం పట్టించి నీడలో ఆరనిచ్చి విత్తుకోండి.

ప్యాకెట్టు మీద రంగురంగుల బొమ్మల కంటే చిన్న అక్షరాలను చదవండి. ట్రైకోడెర్మా విరిడి 1 శాతం పొడి మందులో గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు ఉండాలి. ఇది పురుగుమందుల చట్టం కిందికి వచ్చే జీవశిలీంధ్రనాశిని కాబట్టి రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ తప్పనిసరిగా ముద్రించి ఉండాలి. అవి ఉన్నా సరే, రేకుల కప్పు కింద ఎండాకాలమంతా మగ్గిన ప్యాకెట్టును తీసుకోవద్దు. తయారై ఎక్కువ కాలం కానిది, చల్లటి చోట నిల్వ చేసినది చూసి తెచ్చుకోండి.

ఇంకొక మాట. ఈ తెగులు శిలీంధ్రం పంట మోళ్ల మీద సుమారు మూడేళ్లు బతికి ఉంటుంది. ఏటా కంది వెనుక కందే వేస్తూ పోతే ట్రైకోడెర్మా ఒక్కటే మోయలేని బరువు అవుతుంది. ఎండిన మొక్కలను పీకి కాల్చివేయడం, కందిలో జొన్నను అంతర పంటగా వేయడం లేదా ఒక ఏడాది జొన్నకు మార్చడం, ఆశ అని పిలిచే ఐసిపిఎల్ 87119 వంటి తెగులును తట్టుకునే రకాలను ఎంచుకోవడం, వీటికి ట్రైకోడెర్మా తోడైతేనే ఫలితం కనిపిస్తుంది. నన్ను అడిగితే మొదటి ఖర్చు రకం మీద, రెండవది ట్రైకోడెర్మా మీద పెట్టమంటాను.

కదిరి వేరుశనగ:

అధికారి గారు చెప్పినదానికి నేలలో వేసే పద్ధతిని జోడిస్తున్నాను. మాకు వేరుశనగలో మొదలు కుళ్లు ఎక్కువ. కాండం మొదట్లో తెల్లటి బూజు, దానిలో ఆవగింజల్లాంటి గుండ్రటి గింజలు కనబడతాయి. అందుకే మా ఊళ్లో ఆఖరి దుక్కికి ముందు ట్రైకోడెర్మాను పశువుల ఎరువులో పెంచుకోవడం చాలామందికి అలవాటైంది.

ఎకరాకు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి తీసుకుంటాము. చెట్టు నీడలో ఎరువు, వేపపిండి పరిచి, పొడిని పొరల మధ్య చల్లి, కలిపి, నీళ్లు చిలకరిస్తాము. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కావాలి గాని వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు, అదే తడికి కొలత. పైన తడి గోనె సంచులు కప్పి, ఎండినప్పుడల్లా వాటి మీదే నీళ్లు చల్లుతాము. మూడు నాలుగు రోజులకోసారి కుప్పను తిరగవేయాలి. మొదట తెల్లటి దారాలు అల్లుకుంటాయి, వారం పది రోజులు గడిచేసరికి ఆ తెలుపు మీద ఆకుపచ్చటి పొడి తేరుతుంది. ఆ పచ్చదనం కుప్ప లోపలి దాకా కనబడితే చేనులో చల్లడానికి సిద్ధమైనట్టే. నలుపో గులాబీ రంగో తేలి, కుళ్లు వాసన వస్తుంటే దానిలో పెరిగింది వేరే బూజు, దాన్ని చేనుకు వేయవద్దు.

ఎక్కువ మంది చెడగొట్టుకునేది ఎరువు దగ్గరే. పచ్చి పేడ కుప్ప వేస్తే లోపల వేడి పుట్టి ట్రైకోడెర్మా ఉడికిపోతుంది. బాగా చివికిన, చేతికి చల్లగా తగిలే ఎరువే కావాలి. చల్లడం కూడా వాన పడి నేల తడిసిన తరువాత సాయంత్రం పూట చల్లి, వెంటనే గుంటకతో మట్టిలో కలపాలి. ఎండలో వదిలేస్తే చేసిన పని వృథా. మీ తాండూరు వైపు నేలల్లో సున్నం ఎక్కువ అంటారు, ట్రైకోడెర్మాకు కొంచెం ఆమ్లగుణం ఉన్న చోటే ఇష్టం కాబట్టి, మీరు పొడిని నేరుగా మట్టిలో వేయకుండా ఇలా ఎరువులో పెంచి వేయడమే మేలు.

నల్లరేగడి (తాండూరు):

ఇద్దరికీ కృతజ్ఞతలు. కుప్ప పద్ధతి అర్థమైంది, ఎరువు చివికినదే ఉంది. ఒక సందేహం మిగిలింది. ట్రైకోడెర్మా, సూడోమోనాస్ (తెగుళ్లను అణిచే బాక్టీరియా), బవేరియా (పురుగులను చంపే శిలీంధ్రం), వీటితో పాటు వ్యామ్ (వేర్లతో పొత్తుగా బతికే శిలీంధ్రం) కూడా ఉన్న కిట్టును ఒక దుకాణంలో చూపించారు. వ్యామ్ వేస్తే డి.ఎ.పి. సగానికి తగ్గించవచ్చని అన్నారు. కందికి అది అవసరమా?

విశ్రాంత విస్తరణాధికారి:

వ్యామ్ మంచి శిలీంధ్రమే, కానీ మీ డబ్బును అక్కడ పెట్టమని నేను చెప్పను. ట్రైకోడెర్మా లాగా అది ఎరువులో పెరగదు. బతికి ఉన్న వేరు లోపలే పెరుగుతుంది కాబట్టి జొన్న, మొక్కజొన్న వంటి మొక్కల వేర్ల మీద పెంచి, ఆ మట్టినీ వేరు ముక్కలనూ అమ్ముతారు. దాని పోగులు వేరు చేరలేని దూరం దాకా పాకి భాస్వరాన్ని తెచ్చి ఇస్తాయి, బదులుగా మొక్క నుంచి పిండిపదార్థం తీసుకుంటాయి. ఏటా పంట పండే నేలలో స్థానికంగానే ఈ జాతి శిలీంధ్రాలు ఉంటాయి. పైగా భాస్వరం ఎరువు దండిగా వేసిన చోట మొక్కే వాటిని దగ్గరకు రానివ్వదు. కాబట్టి డి.ఎ.పి. తగ్గించాలా వద్దా అన్నది కిట్టును బట్టి కాదు, భూసార పరీక్షలో మీ నేలలో తేలిన భాస్వరాన్ని బట్టి నిర్ణయించుకోండి.

కంది స్వయంగా కూడా తక్కువది కాదు. ఇనుముతో ముడిపడిన భాస్వరాన్ని విడిపించే పిస్సిడిక్ ఆమ్లాన్ని దాని వేర్లు వదులుతాయని పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన 1990లో వెల్లడించింది. ఆ గుణం ఎర్రనేలల్లో ఎక్కువగా ఉపయోగపడుతుంది, మీ నల్లరేగడిలో భాస్వరం కాల్షియంతో ముడిపడి ఉంటుంది గనుక అంత లాభం ఆశించలేము. వ్యామ్‌కు నిజంగా తగిన చోటు నర్సరీ. మిరప నారుకో, మామిడి, నిమ్మ అంట్లకో సంచి మట్టిలోనే కలిపితే చిన్న వేరుకు మొదటి నుంచీ అంటుకుంటుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాలకు మాత్రం వేయవద్దు, ఆ కుటుంబపు మొక్కలు దానితో పొత్తు పెట్టుకోవు.

మల్బరీ తోట (పలమనేరు):

కిట్టులో బవేరియా ఉందన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. శనగపచ్చ పురుగు మీద బవేరియా పనిచేసే మాట నిజమే, గాలిలో తేమ ఉన్న రోజుల్లో సాయంత్రం పిచికారీ చేస్తే పురుగు మీద తెల్లటి బూజు కడుతుంది. అయితే అదే శిలీంధ్రం పట్టుపురుగులను కూడా చంపుతుంది. మేము సున్నపుకట్టు అని పిలిచే రోగం అదే. అగోస్టినో బాస్సీ అనే ఇటలీ శాస్త్రవేత్త 1835లో పట్టుపురుగుల రోగానికి కారణం ఒక శిలీంధ్రమని రుజువు చేసినది దీని గురించే, ఆయన పేరు మీదే దానికి బవేరియా బాసియానా అన్న పేరు వచ్చింది. మీ చేనుకు దగ్గరలో మల్బరీ తోట గాని, పురుగుల షెడ్డు గాని ఉంటే ఆ ప్యాకెట్టును విప్పనే వద్దు, ఊళ్లో పట్టు రైతులు ఉన్నారో లేదో ముందు అడిగి తెలుసుకోండి. ట్రైకోడెర్మాతో ఆ భయం లేదు, అది విడిగా దొరుకుతుంది, విడిగానే కొనుక్కోండి.